మూడో పేజీలో నేను రాసిన మాట

ఈమధ్య మన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "ఆంటీ, ఇక్కడ పాలిటిక్స్‌లో పనిచేయాలంటే ఎలా?" అని అడుగుతున్నారు. ఒకడు యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఒకమ్మాయి బ్యాంకు ఉద్యోగంతో విసిగిపోయింది. మేం గెలిచిన ఎన్నికల కబుర్లు చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ఓడిపోయిన ఎన్నిక గురించే చెబుతాను. ఆ ఓటమిలో నా చేయి కూడా ఉంది. అయినా పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకోగలిగిన రోజులు అవే. ఫోన్లో చెబితే సగమే వింటున్నారు, మధ్యలో ఇంకో కాల్ వస్తుంది. అందుకే రాస్తున్నాను.

పేర్లు ఎవరివీ రాయను. పార్టీ పేరు కూడా రాయను. మీరు ఏ పార్టీలో చేరినా ఈ కథ పనికొస్తుంది.

నేనుండేది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో. ఉద్యోగం చేసింది అక్కడికి అరగంట డ్రైవ్ దూరంలో, వేరే నియోజకవర్గంలో, ఒక ఫెడరల్ ఎంపీ ఆఫీసులో. ఆయన్ని మేం మెంబర్ అనేవాళ్ళం. దుకాణాల వరసలో ఒక గది అది. ఒక పక్క మందుల షాపు, ఇంకో పక్క ఫిష్ అండ్ చిప్స్. మధ్యాహ్నం పన్నెండయితే మా ఫైళ్ళకు కూడా వేయించిన చేప వాసన పట్టేది. బయట అద్దం మీద మా మెంబర్ ఫొటో ఎండకు వెలిసిపోయి, ఆయన ముఖం నీలంగా తయారైంది. మార్చమని ఎన్నిసార్లు చెప్పినా, "నేనూ అలాగే వెలిసిపోతున్నానులే" అని నవ్వేసేవారు.

నేను ఆ ఆఫీసుకి మొదట వెళ్ళింది ఉద్యోగం కోసం కాదు. తెనాలిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, మా ఆయన వీసా మీద ఇక్కడికి వచ్చి, చాలాకాలం ఇంట్లోనే ఉన్నాను. ఇంగ్లీషు రాని స్నేహితురాలికి తోడుగా ఒకరోజు ఆ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఆరుగురు క్యూలో ఉన్నారు. మా పని అయ్యేలోపు, ముందున్న ఇద్దరి ఫారాలు చూసి, ఎక్కడ సంతకం పెట్టాలో, ఏ కాగితం తక్కువైందో చెప్పేశాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? లోపలి గదిలోంచి పొడుగాటి మనిషి ఒకాయన వచ్చి, కాసేపు నిలబడి చూసి, "నువ్వు ఇక్కడ పనిచేస్తున్నావా?" అని అడిగాడు.

"లేదండీ," అన్నాను.

"చేస్తావా?"

ఆయనే మా మెంబర్. అంతకుముందు రైలు డ్రైవరు. మాట్లాడేటప్పుడు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకునే అలవాటు. అద్దాలు తీస్తే ఎదుటి మనిషి మసకగా కనిపిస్తాడు కదా అంటే, "అప్పుడే బాగా వినిపిస్తుంది" అనేవారు. నేను చాలా ఏళ్ళు ఆయన్ని సార్ అనే పిలిచాను. అలా పిలవద్దని ప్రతి ఏడాదీ చెప్పేవారు. మా వాళ్ళకు అది జబ్బు అని నేనూ ప్రతి ఏడాదీ చెప్పేదాన్ని.

నా పని వీసాలు, పౌరసత్వాలు, ఆగిపోయిన పెన్షన్లు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి మాది ఏ పార్టీయో కూడా తెలియదు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి అమ్మానాన్నల వీసా కేసులు. పిల్లల దగ్గర శాశ్వతంగా ఉండిపోవడానికి ఏళ్ళ తరబడి ఆగాల్సిన ఆ క్యూ ఎంత పొడుగో మీకు తెలియనిది కాదు. ఫైలు పెట్టినప్పుడు నడుస్తూ వచ్చిన పెద్దవాళ్ళు, తర్వాత కర్రతో, ఆ తర్వాత చక్రాల కుర్చీలో వచ్చి, "ఇంకా ఎంతమంది ముందున్నారమ్మా?" అని అడగడం నేను చూశాను.

నేను చెబుతున్న ఎన్నికల ఏడాది మా పార్టీ గాలి అస్సలు బాగాలేదు. సర్వే వచ్చిన ప్రతి సోమవారం మా ఆఫీసు చావింటిలా ఉండేది. మా సీటు కూడా చేజారేలా ఉందని పార్టీ హెడ్ ఆఫీసు ఒక సలహాదారుణ్ణి పంపించింది. ఆయన కెనడా మనిషి. ఒట్టావాలో ఎన్నో ఎన్నికల ప్రచారాలు నడిపాడట. మెల్‌బోర్న్ చలికి మేమంతా కోట్లు వేసుకుని ముడుచుకుని కూర్చుంటే, ఆయన పొట్టిచేతుల చొక్కాతో వచ్చి కిటికీ తెరిచేవాడు. మొదటి వారం ఆయన అంటే ఎవరికీ పడలేదు. కొంత ఆ కిటికీ వల్ల కూడా.

నేను తెచ్చుకున్న పులిహోర ఒకరోజు ఆయనకూ పెట్టాను. తింటూ తన మొదటి ఎన్నిక గురించి చెప్పాడు. అప్పటికి ఆయన కుర్రాడు. కెనడాలో దేశాన్ని ఏలుతున్న పార్టీకి పనిచేస్తున్నాడు. ప్రచారం చివర్లో వాళ్ళ పార్టీ ఒక టీవీ ప్రకటన వేసింది. అందులో ప్రత్యర్థి నాయకుడి ముఖాన్ని చూపించిన తీరు, ఆయనకున్న శారీరక లోపాన్ని వెక్కిరించినట్టుంది. ఆయనకు చిన్నప్పుడే ముఖంలో ఒక పక్క పక్షవాతం వచ్చింది.

"ఆరోజు ఆఫీసులో ఫోన్లు ఎత్తింది నేను," అన్నాడు. "తిట్టినవాళ్ళలో ఎక్కువమంది మా పార్టీవాళ్ళే. ఒకావిడ, తన తమ్ముడికీ అలాంటి ముఖమే ఉందని చెప్పి, ఇంకేమీ అనకుండా పెట్టేసింది."

"తర్వాత?"

"ప్రకటన తీసేశారు. అప్పటికే కూలిపోతున్నాం, అదొక్కటే కారణం అనను. దేశమంతా కలిపి మాకు రెండంటే రెండే సీట్లు మిగిలాయి."

నేను నమ్మలేదు. దేశాన్ని ఏలిన పార్టీకి రెండు సీట్లేమిటని ఇంటికి వెళ్ళి మా ఆయనతో అంటే, ఆయన ఫోన్లో వెతికి నిజమేనన్నాడు.

ఇక నా తప్పు సంగతి.

ఎన్నికలకు మూడు వారాల ముందు, ఆదివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ హాల్లో మన తెలుగువాళ్ళతో టీ మీటింగ్ పెట్టాం. పిలిచిందీ, కుర్చీలు వేయించిందీ నేనే. పెద్దవాళ్ళ వీసాల గురించి తప్పకుండా అడుగుతారని మా మెంబర్ కోసం మూడు పేజీల నోట్ రాశాను. మేం ఏం కోరుతున్నామో మొదట రాసి, రెండో పేజీ అట్టడుగున "ఎదుటివాళ్ళు చేసే వాదన" అని హెడ్డింగ్ పెట్టాను. దాని కింద రావలసిన వాక్యాలు మూడో పేజీ పైకి వెళ్ళిపోయాయి. హెడ్డింగ్ ఒక పేజీలో, దాని కింది మాటలు ఇంకో పేజీలో పడ్డాయి. ప్రింట్ తీసి, స్టేపుల్ కొట్టి, చేతికిచ్చాను. ఇన్సూరెన్స్ ఆఫీసులో మా పెద్ద గుమాస్తా గారయితే ఆ కాగితం నా ముఖాన కొట్టేవారు.

మీటింగులో ఒకతను లేచి, మా అమ్మానాన్నల్ని ఎందుకు రానివ్వరని అడిగాడు. మా మెంబర్ ఆరోజు అప్పటికే నాలుగు మీటింగులు తిరిగి వచ్చారు. కాగితాలు తిప్పారు. మూడో పేజీ పై వాక్యం చదివారు.

"ఈ వయసులో వచ్చేవాళ్ళు మన ఆసుపత్రుల మీద భారమవుతారు, అది మనం ఒప్పుకోవాలి."

నేను ముందు వరసలో కూర్చున్నాను. విన్నాను. నా వాక్యమే. లేచి, "సార్, అది ఎదుటివాళ్ళ వాదన" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. అందరిముందూ ఆయన్ని సరిదిద్దడమేమిటని ఆగిపోయాను. ఆయన వెంటనే వేరే మాటల్లోకి వెళ్ళిపోయారు, ఎవరూ గొడవ చేయలేదు, చప్పట్లు కూడా కొట్టారు. హమ్మయ్య, ఎవరూ పట్టించుకోలేదు అనుకున్నాను. కాగితం తప్పు పొరపాటు. నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం నేను తెలిసి చేసిందే.

సోమవారం పొద్దున్న ఆఫీసు తాళం తీస్తుండగానే ఫోన్ మోగడం మొదలైంది. ఆ ప్రశ్న, ఆయన జవాబు ఎవరో వీడియో తీశారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మనవాళ్ళ గ్రూపులే కాదు, పంజాబీ, తమిళం, నేపాలీ, చైనీస్ గ్రూపులన్నిటిలోకీ పాకింది. నా వదిన సిడ్నీ స్కోఫీల్డ్స్ నుంచి ఫోన్ చేసి, "మీ ఎంపీయేనా ఇతను? నువ్వు ఇలాంటివాడి దగ్గర పనిచేస్తున్నావా?" అని అడిగింది. పదింటికల్లా రేడియోలో వచ్చింది.

పదకొండింటికి కెనడా ఆయన హెడ్ ఆఫీసు పంపిన ప్రకటన పట్టుకొచ్చాడు. నాలుగు లైన్లు. వీడియోని కత్తిరించి, అర్థం మార్చి, ప్రత్యర్థులు ప్రచారం చేస్తున్నారని అందులో ఉంది. నా బల్ల మీద పెట్టి, "దీన్ని తెలుగులోకి మార్చి గ్రూపుల్లో పెట్టాలి. పన్నెండింటిలోపు," అన్నాడు.

చదివాను. మళ్ళీ చదివాను.

"ఇది నేను మార్చలేను," అన్నాను.

"కష్టంగా ఉందా?"

"కష్టమేం కాదు, అబద్ధం. వీడియో ఎవరూ కత్తిరించలేదు. ఆయన అన్నారు. అక్కడ డెబ్బై మంది ఉన్నారు, నేనూ ఉన్నాను. ఆ వాక్యం రాసింది కూడా నేనే."

మూడో పేజీ తీసి చూపించాను. ఆయన రెండో పేజీ అడుగూ మూడో పేజీ పైభాగమూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మీకే మొదట చెబుతున్నాను. ఇప్పుడు సార్‌కి చెబుతాను. రాజీనామా కాగితం కూడా రాసుకొచ్చాను."

నిజంగానే రాసుకొచ్చాను. ఆ పొద్దున్న కార్లోనే, స్టీరింగ్ మీద పెట్టుకుని రాశాను.

మా మెంబర్ గదిలోకి ముగ్గురం వెళ్ళాం. స్పీకర్ ఫోన్లో హెడ్ ఆఫీసు పెద్దాయన ఒకరు ఉన్నారు. నా కాగితం సంగతి వినగానే ఆయన గొంతులో ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకేం, స్టాఫ్ పొరపాటు అని చెబుదాం. ఆవిడ రాజీనామా చేశారని కూడా చెప్పొచ్చు," అన్నారు.

మా మెంబర్ కళ్ళద్దాలు తీశారు. నా రాజీనామా కాగితం అందుకుని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలు కింద దూర్చారు. ఆ బల్ల చాలా నెలలుగా ఊగుతోంది.

"కాగితం ఎవరు రాస్తేనేం, నోరు నాది," అన్నారు. "నేను చదివేది ఏమిటో చూసుకోకుండా చదివాను. అంతకంటే సిగ్గుచేటు ఏముంది?" తర్వాత నా వైపు తిరిగి, "ఆ పెద్దవాళ్ళు మళ్ళీ ఎప్పుడు కలుస్తారు?" అని అడిగారు.

పెద్దవాళ్ళు అదే హాల్లో ప్రతి మంగళవారం పొద్దున్న కలుస్తారు. కాసేపు యోగా, కాసేపు క్యారమ్స్, తర్వాత ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ. ఆ మాటే చెప్పాను.

"రేపు వెళ్దాం."

ఫోన్లో పెద్దాయనకు కోపం వచ్చింది. "ఆ హాల్లో ఉండేవాళ్ళలో ఓటున్నవాళ్ళు ఎంతమంది? అందరూ వీసాల మీద ఉన్నవాళ్ళే కదా!" అని అరిచారు. "క్షమాపణ చెబితే వీడియో ఇంకో వారం బతుకుతుంది."

కెనడా ఆయన ఫోన్ వైపు వంగి, "ఓటున్నవాళ్ళు దాదాపు ఎవరూ లేరు," అన్నాడు. "వీడియో ఎలాగూ బతుకుతుంది. వీళ్ళని వెళ్ళనివ్వండి." ఆ మాటతో హెడ్ ఆఫీసులో ఆయనకున్న పరపతి పోయిందని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం ఆయన కిటికీ తెరిస్తే ఎవరం మూయలేదు.

మంగళవారం పదకొండింటికి వెళ్ళాం. నలభై మంది దాకా ఉన్నారు. మేం లోపలికి వెళ్ళగానే క్యారమ్ బోర్డు దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడూ "రామ్మా, రా" అని పిలిచేవాళ్ళు ఆరోజు ఎవరూ పిలవలేదు. కుర్చీ కూడా చూపించలేదు. కెనడా ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

మా మెంబర్ కాగితం తీసుకురాలేదు. ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగారు. నేను ఒక్కొక్కటే తెలుగులో చెప్పాను.

"ఆదివారం నేనిక్కడ ఒక మాట అన్నాను. మీరు భారం అన్నాను. ఆ వీడియో అబద్ధం కాదు, ఎవరూ కత్తిరించలేదు. అది నేను నమ్మే మాట కాదు, కానీ నా నోటినుంచి వచ్చింది. వచ్చినప్పుడు నేను ఆగలేదు, గమనించలేదు. మీ ఇళ్ళల్లో ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో నాకు తెలుసు. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

అంతే చెప్పి ఆగిపోయారు. నా గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేను తెలుగులో చెప్పడం పూర్తి చేసి, ఇక ఊరుకోవాలి. ఊరుకోలేకపోయాను.

"ఆయన చెప్పనిది ఒకటుంది," అన్నాను తెలుగులోనే. "ఆ వాక్యం రాసింది నేను. ఎదుటివాళ్ళు ఇలా అంటారు, మనం ఇలా జవాబు చెప్పాలి అని రాశాను. కాగితం సరిగ్గా తయారుచేయలేదు. ఆయన చదువుతుంటే ముందు వరసలోనే కూర్చుని విన్నాను. ఆపలేదు. మీ ఫారాలు నింపేది నేనే, ఈ మాట రాసింది కూడా నేనే."

క్యారమ్ బోర్డు దగ్గర కూర్చున్న రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు లేచారు. "పరాయివాడు అన్నాడంటే సరే. నువ్వు మా మనిషివి కదమ్మా," అన్నారు. కాయిన్లు ఏరి డబ్బాలో వేసి, మూత పెట్టి, వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ నాతో మాట్లాడలేదు. అప్పుడప్పుడు ఆయన వచ్చి ఉండే కూతురి ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. నేను ఎదురైతే తల పక్కకు తిప్పుకుంటారు. ఆయన కోపం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. కరీంనగర్ వైపు మనిషి. డెబ్బై దాటి ఉంటాయి. చీర మీద కొడుకు చలికోటు, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు. వీసా క్యూలో ఆమె ఫైలు నా దగ్గరే ఉంది.

"నేను అడుగుత, సారుకు చెప్పు," అంది నాతో. "నా కోడలు నర్సు. గీ పెద్ద దవాఖానల్నే చేస్తది. పొద్దుగాల ఆరుగంటలకే పోవాలె. నేను లేస్త, పిల్లలకు పాలు కలుపుత, బడికి తోలుకపోత, మల్ల తోలుకొస్త. నేను పిల్లల్ని జూసుకుంటెనే ఆమె డ్యూటీకి పోతది. నేను ఊర్కె కూసుంటె ఆమె ఇంట్లనే ఉండాలె. గప్పుడు ఆడ పేషెంట్లను ఎవలు జూస్తరు? గిప్పుడు చెప్పుమను, దవాఖానకు నేను బరువా, ఆసరానా?"

ఒక్క మాట పోకుండా ఇంగ్లీషులో చెప్పాను.

మా మెంబర్ ఆమె దగ్గరికి నడిచి వెళ్ళారు. "ఆసరా," అన్నారు, ఆ తెలుగు మాటనే పట్టుకుని, ఆమె పలికినట్టే పలకడానికి ప్రయత్నిస్తూ. అది 'ఆస్రా' అయింది. ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మాఫీ సంగతి తర్వాత," అంది. "క్యూ సంగతేంది?"

"క్యూ తగ్గిస్తానని మాట ఇవ్వలేను. అది నా ఒక్కడి చేతిలో లేదు," అన్నారు ఆయన. "కానీ ఇప్పుడు మీరు చెప్పింది, మా పార్టీకి ఇష్టమున్నా లేకపోయినా, నేను మాట్లాడే ప్రతిచోటా చెబుతాను. అది నా చేతిలో ఉంది."

"సరే, సూస్త," అంది ఆమె. కూర్చుంది.

బయటికి వచ్చాక కెనడా ఆయన ఆమె ఏమందో నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని, కారు బానెట్ మీద నోట్‌బుక్ పెట్టి రాసుకున్నాడు. మా మెంబర్ నా వైపు చూసి, "చివర్లో నేను చెప్పనిది నువ్వేదో చెప్పావు. ఏం చెప్పావు?" అని అడిగారు. చెప్పాను. ఆయన దారిలో బేకరీ దగ్గర కారు ఆపి, ముగ్గురికీ టీ తెచ్చారు. నేను పాలలో కాచిన టీ తప్ప తాగనని ఆయనకు తెలుసు. అలాంటిది అక్కడ దొరకదు. అయినా తెచ్చారు, అయినా తాగాను.

ఆ తర్వాత ఆయన మాట నిలబెట్టుకున్నారు. టీవీ చర్చలోనూ, రైల్వే స్టేషన్ దగ్గర కరపత్రాలు పంచుతూనూ, ఆ నర్సు అత్తగారి సంగతి చెప్పారు. హెడ్ ఆఫీసు రెండుసార్లు హెచ్చరించింది. వీడియో చావలేదు, పెద్దాయన అన్నట్టే ఇంకా తిరిగింది. ప్రత్యర్థులు ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో వేసి ప్రతి ఇంటి పోస్టుబాక్సులోనూ పడేశారు. మా ఇంట్లోనూ ఒకటి పడింది, ఎవరో మా నియోజకవర్గందాకా పొరపాటున వచ్చినట్టున్నారు. నా వాక్యం అంత అందమైన కాగితం మీద అచ్చవడం అదే మొదలు, చివర.

ఓటింగు రోజు శనివారం. ఆ హాలు పక్కనే ఉన్న ప్రైమరీ స్కూల్ పోలింగ్ కేంద్రం. ఎనిమిదింటికి నేను గేటు దగ్గర, ఓటు కాగితం మీద ఏ అభ్యర్థికి ఎన్నో నంబరు వేయాలో చూపించే మా పార్టీ కార్డులు పంచుతున్నాను. ఓటర్లకు అమ్మడానికి స్కూల్ వాళ్ళు సాసేజ్‌లు కాల్చే పొగ మొదలైంది. కరీంనగర్ ఆంటీ అదే కోటుతో, మఫ్లరు చుట్టుకుని వచ్చింది.

"ఇటియ్యి ఆ కాయితాలు," అంది.

"ఆంటీ, మీకు ఓటు లేదు కదా?"

"ఓటు లేకపోతె ఏంది, చేతులున్నయి కదా."

ఆమెకు వచ్చిన ఇంగ్లీషు గుడ్‌మార్నింగ్, ప్లీజ్, థాంక్యూ. సాయంత్రం దాకా ఆ మూడు మాటలతోనే నడిపింది. కార్డు తీసుకున్న ప్రతివాడికీ "థాంక్యూ కొడుకా" అని చెప్పింది. తీసుకోనివాళ్ళకు కూడా చెప్పింది. ఆమె నిలబడలేక గోడకు ఆనుకుంటే, ఎదుటి పార్టీ కార్డులు పంచుతున్న ఆవిడ తన మడత కుర్చీ తెచ్చి వేసింది. మధ్యాహ్నం సాసేజ్ లేకుండా ఉల్లిపాయలు మాత్రమే పెట్టిన బ్రెడ్ ముక్క ఒకటి ఇద్దరూ చెరి సగం తిన్నారు. ఎలక్షన్ అంటే మా ఊళ్ళో కర్రలు, పోలీసులు, లారీలు. ఆ కుర్చీ చూస్తూ నేను కార్డులు పంచడం మర్చిపోయాను.

దేశమంతటా మా పార్టీ ఆరోజు దెబ్బతింది. మా సీటు వెంటనే తేలలేదు. పోస్టులో వచ్చిన ఓట్లు లెక్కించడానికి వారం పైన పట్టింది. ఒక పెద్ద షెడ్డులో బల్లలు వేసి లెక్కపెడుతుంటే, నేను మా పార్టీ తరఫున పక్కన నిలబడి ప్రతి కాగితమూ చూశాను. ముట్టుకోకూడదు, చూడాలంతే. రోజూ కాస్త కాస్తగా వెనకబడ్డాం. చివరి రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. ఓడిపోయాం. మరీ తక్కువ తేడాతో.

పేపర్లన్నీ ఆ వీడియోయే సీటు పోగొట్టిందని రాశాయి. "దేశం మొత్తం ఎదురుగాలి ఉంటే మీ మూడో పేజీ ఏం చేస్తుంది?" అన్నాడు కెనడా ఆయన. ఆయన మంచితనం అది. అంత తక్కువ తేడాలో నా వాక్యం వాటా లేదని నేను అనుకోలేను. ఇప్పటికీ అనుకోను. మీరు కూడా రేపు ఏదైనా ఆఫీసులో చేరితే, ప్రింట్ తీసిన కాగితాన్ని నిలబడి ఇంకోసారి చదవండి. అంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

పోలింగ్ కేంద్రాల వారీగా లెక్కలు వచ్చాక కెనడా ఆయన నన్ను పిలిచి ఒక షీటు చూపించాడు. నియోజకవర్గంలో దాదాపు అన్నిచోట్లా మా ఓట్లు తగ్గాయి. ఆ హాలు పక్కనున్న ప్రైమరీ స్కూల్లో మాత్రం పెరిగాయి. ఆ నలభై మందికీ ఓట్లు లేవు. వాళ్ళ కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు ఉన్నాయి.

"నేను పనిచేసిన ఏ ఎన్నికలోనూ లెక్కల కాగితం ఇంటికి తీసుకెళ్ళలేదు," అన్నాడు ఆయన. దాన్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత ఒట్టావా విమానం ఎక్కాడు.

మా మెంబర్ గెలిచినావిడకు ఫోన్ చేసి అభినందించారు. తర్వాత రెండు వారాలు మేం ఫైళ్ళు సర్దాం. ఏ కేసు ఎక్కడుందో, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో ఒక్కొక్కదానికి చీటీ రాసి, ఆ కేసుల మనుషుల అనుమతి తీసుకుని, కొత్త మెంబర్ ఆఫీసుకి అప్పజెప్పాను. ఈసారి ఏ హెడ్డింగూ పేజీ చివర పడకుండా చూసుకున్నాను. మూడు నెలల తర్వాత కొత్త మెంబర్ ఆఫీసు నుంచే నాకు ఫోన్ వచ్చింది. "మీ చీటీలు చూశాం. మీరొచ్చి చేస్తారా?" అని. పార్టీ వేరు, క్యూ అదే. మా పాత మెంబర్‌ని అడిగాను. "వెళ్ళకపోతే నేనే ఫిర్యాదు చేస్తాను," అన్నారు. వెళ్ళాను. అక్కడే రిటైరయ్యాను.

దానికి ముందు, మేం ఆఫీసు ఖాళీ చేసిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. మధ్యాహ్నం తాళాలు ఇచ్చేసి బయటికి వస్తుంటే కరీంనగర్ ఆంటీ ఫోన్ చేసింది. "సారుకు ఇప్పుడు ఏం పని లేదు కదా, భోజనానికి తోలుకరా," అంది.

వెళ్ళాం. ఇల్లంతా వేడివేడి అన్నం వాసన. కోడలు నర్సు యూనిఫారంలోనే ఉంది, డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. మా మెంబర్‌ని కూర్చోబెట్టి, పచ్చిపులుసు, పప్పు, బెండకాయ వేపుడు వడ్డించింది ఆంటీ. ఆయన చెంచా వద్దని చేత్తో కలుపుకున్నారు. సగం పులుసు మోచేతి దాకా కారింది. ఆంటీ ఎదురుగా నిలబడి ఆయన తినడం చూస్తోంది.

"సారుకు ఒక మాట చెప్పు," అంది నాతో. "ఆయన గెలిస్తే నేను పిలిచేదాన్ని గాదు. గెలిచినోళ్ళను పిలిచి తిండి పెట్టేటోళ్ళు మస్తుమంది ఉంటరు. ఓడిపోతున్నా గూడ మా మాట ఇడవలే, గందుకు పిలిచిన."

చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీయబోయి, చేతికి పులుసు ఉందని ఆగిపోయారు. ఆ చేత్తోనే ఖాళీ అయిన పళ్ళెం ఆమె ముందుకు జరిపారు. ఆంటీ ఇంకో గరిటె అన్నం వేసింది.